నెట్‌లో అన్నీ ఉన్నాయి, ఆ చేతులు తప్ప

"మేడమ్, మా అమ్మ చేసే పని టెక్నాలజీ కిందకి వస్తాదా?"

డిగ్రీ రెండో సంవత్సరం చదివే అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. సైన్స్, టెక్నాలజీల చరిత్ర మీద చిన్న ప్రాజెక్టు రాయమన్నాను. మీ ఊరి గురించి రాయండి, ఎవరో రాసింది దించకండి అని కూడా చెప్పాను. ఆ పిల్ల తల్లి కాశీబుగ్గలో జీడిపిక్కలు కొడుతుంది. వారం రోజులు ఫోన్‌లో వెతికి నాలుగు పేజీలు రాసి తెచ్చింది. అందులో జీడిమామిడి శాస్త్రీయ నామం ఉంది. 16వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్లు దాన్ని బ్రెజిల్ నుంచి తెచ్చారని ఉంది. గంటకి ఎన్ని కిలోలు కోస్తాయో చెప్పే యంత్రాల ప్రకటనల సమాచారం ఉంది. వాళ్లమ్మ మాత్రం లేదు.

ఏ సెమినార్‌కి వెళ్లినా ఒక మాట వినపడుతోంది. ఇక మారుమూల అన్నది లేదు, అన్నీ నెట్‌లో ఉన్నాయి, చదువుకునే ఓపిక ఉండాలంతే అని. ఆ మాటతో తగువు పెట్టుకోవడానికే ఇది రాస్తున్నాను.

నెట్ మీద నాకు కోపం లేదు. టెక్కలి, పలాసల్లో పాఠం చెప్పే ఆడదానికి ఒకప్పుడు ఒక్క పుస్తకం కావాలన్నా విశాఖ రైలెక్కాల్సి వచ్చేది. ఇంట్లో వంట, పిల్లల పరీక్షలు, అత్తగారి మందులు చూసుకుని లైబ్రరీ కోసం రెండు రోజులు పోవడం ఎంతమందికి కుదురుతుంది? మన తెలుగువాడు రాజ్‌రెడ్డి ముందుండి నడిపిన మిలియన్ బుక్స్ ప్రాజెక్టు వల్ల, దానితో కలిసి నడిచిన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వల్ల వేల తెలుగు పుస్తకాలు స్కాన్ అయ్యాయి. వాటిలో ఎన్నో ఇవాళ ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దొరుకుతున్నాయి. 1966లో మొదలైన ఇండియన్ జర్నల్ ఆఫ్ హిస్టరీ ఆఫ్ సైన్స్ పాత సంచికలు ఇంట్లో కూచుని చదువుకున్నాను. అది చిన్న మేలు కాదు.

కానీ నెట్‌లోకి ఎక్కింది ఏది? అంతకుముందే అచ్చయింది. అచ్చయింది ఏది? చదువుకున్నవాళ్లు రాయదగిందని అనుకున్నది. ఖగోళం, గణితం, లోహాలు, రైళ్లు, ఆనకట్టలు. కాగితం మీద చోటు దక్కనివాళ్లకి తెర మీద చోటు ఎక్కణ్ణుంచి వస్తుంది? పాత వడపోతనే కొత్త వేగంతో మళ్లీ పోస్తున్నాం.

ఒక్క ఉదాహరణ. పసుపు గాయం మాన్పుతుందన్న సంగతి మీద అమెరికాలో 1995లో పేటెంటు ఇచ్చారు. మన సీఎస్ఐఆర్ పోరాడితే 1997లో రద్దయింది. మంచిదే. అయితే ప్రతి ఇంట్లో అమ్మమ్మకి తెలిసిన ఆ సంగతి నెగ్గడానికి అచ్చయిన కాగితాలు చూపించాల్సి వచ్చింది. ఆ తర్వాత 2001లో సంప్రదాయ జ్ఞానానికంటూ డిజిటల్ గ్రంథాలయం మొదలుపెట్టారు. అందులో ఆయుర్వేద, యునాని, సిద్ధ గ్రంథాల్లోంచి తీసిన సమాచారాన్ని ఇంగ్లీషు, ఫ్రెంచి, జర్మన్, స్పానిష్, జపనీస్ భాషల్లో పెట్టారు. మొదట్నుంచీ దాని ముఖ్య పాఠకులు పేటెంటు కార్యాలయాల వాళ్లు. గ్రంథానికి ఎక్కని అమ్మమ్మ అందులో లేదు. ఆమె మనవరాలు చదవగలిగే భాషా లేదు.

ఇక జీడిపిక్క సంగతి. ఉడికించి ఆరబెట్టిన పిక్కని కటింగు మిషను రెండు కత్తుల మధ్య నిలబెట్టాలి. చేత్తో లివరు, కాలితో పెడలు. ఒత్తిడి కాస్త ఎక్కువైతే పప్పు బద్దవుతుంది, తక్కువైతే తొక్క విడిపోదు. ఏ పిక్కా ఇంకో పిక్కలా ఉండదు. తొక్కలోని జీడినూనె తగిలితే చర్మం కాలి పొక్కుతుంది. దానికి కాచుకుంటూనే చెయ్యి ఆగకుండా నడవాలి. తర్వాత పొర ఒలవాలి, గుండు పప్పునీ బద్దనీ ముక్కనీ విడదీయాలి. డబ్ల్యూ 320 అంటే పౌనుకి 300 నుంచి 320 గింజలు. ఆ అంకె ఎగుమతిదారు కాగితంలో ఉంటుంది. దాన్ని కళ్లతో, వేళ్లతో తేల్చిన మనిషి ఏ కాగితంలోనూ ఉండదు.

ఇంజనీరు దీన్ని యంత్రంగా గీస్తే ఆవిష్కరణ అవుతుంది. ఆడది చేత్తో చేస్తే ఓపిక అవుతుంది. ఓపికకి కూలి తక్కువ, చరిత్ర అసలే లేదు. అన్నా లిండ్‌బర్గ్ 1930 నుంచి కేరళ జీడి కార్మిక స్త్రీల చరిత్ర రాసింది. మగవాడే కుటుంబ పోషకుడన్న నమ్మకాన్ని యాజమాన్యాలే కాదు, యూనియన్లూ ప్రభుత్వమూ ఎలా బలపరిచాయో, ఏ కులం స్త్రీకి ఏ పని దక్కిందో ఆ కార్మికుల్ని అడిగి మరీ తేల్చింది. కొల్లానికి దొరికిన ఆ శ్రద్ధ పలాసకి ఎందుకు దొరకదు?

ఉద్దానం గురించి నెట్‌లో ఏమీ లేదనుకోకండి. కిడ్నీ జబ్బు మీద ఎన్నో ఇంగ్లీషు వ్యాసాలున్నాయి. మా రక్తం, మా మూత్రం, మా బావుల నీళ్లు అన్నీ అంకెలై ఉన్నాయి. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి కూడా వచ్చాయి. ఆ జబ్బుకి కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. ఏ బావి నీళ్లకి పప్పు ఉడకదో, ఏ బావి ఎప్పుడు రుచి మారిందో బిందెలు మోసినవాళ్లకి తెలుసు. వాళ్లు నమూనాలుగా సైన్స్‌లోకి వెళ్లారు. తెలిసిన మనుషులుగా వెళ్లలేదు. జీడిపిక్కల దగ్గర జరిగిందే ఇక్కడా జరిగింది.

ఇది సోషియాలజీ అవుతుంది గానీ సైన్స్ చరిత్ర కాదు అనేవాళ్లుంటారు. వంటింటి పొయ్యిల, బట్టలుతికే యంత్రాల చరిత్రని రూత్ ష్వార్ట్జ్ కోవన్ 1983లోనే రాసింది. నోటిమాట ఆధారం కాదు అనేవాళ్లూ ఉంటారు. 1986లో స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' వేసినప్పుడూ ఇలాంటి సందేహాలకే జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది. తెలంగాణ పోరాట చరిత్రని ఆ పుస్తకం తర్వాత ముందులా ఎవరు చదవగలిగారు?

తొందర దేనికంటే, తమంతట తామే కోసే యంత్రాలు వస్తున్నాయి. కాలి పొక్కే చేతులకి అవి సుఖమే, నేను కాదనను. కానీ రేపు వీళ్లని ఇంటికి పంపేటప్పుడు, నైపుణ్యం లేని పని పోయింది, టెక్నాలజీ వచ్చింది అని రాస్తారు. ఇరవై ఏళ్ల నేర్పుని నేర్పు అని ఎక్కడా రాసి లేకపోతే ఏం చూపించి రేటు అడుగుతాం? ఏం చూపించి కొత్త మిషను మీద పని మాకే ఇమ్మంటాం?

ఆ అమ్మాయిని వాళ్లమ్మ దగ్గరే కూచోమన్నాను. "మాం రోజూ సేసే పనికి సరిత్రేటి తల్లీ?" అని నవ్విందట ఆవిడ. తర్వాత రెండు గంటలు ఆపకుండా చెప్పింది. ఆధారాల దగ్గర లింకు ఏం పెట్టాలి మేడమ్ అని పిల్ల అడిగింది. ఒప్పుకుంటే మీ అమ్మ పేరు పెట్టు అన్నాను. ఆవిడ ఒప్పుకుంది గానీ ఒక మాట అడిగింది: "పేరు రాస్తే రేటు పెరుగుతాదేటి?"

పెరగదు. పేరుతోనే పెరగదు. అందుకే మనం చేసే పని ఫోటోలు తీసి నెట్‌లో ఎక్కించడంతో అయిపోకూడదు. తెలుగులో, ఆ మనుషుల మాటల్లో, వాళ్ల అనుమతితో రాయాలి. ఏది అందరికీ చెప్పాలో, ఏది దాచుకోవాలో వాళ్లే తేల్చాలి. రాసింది ముందు వాళ్లకి చదివి వినిపించాలి. కూలి బేరం నాడు వాళ్ల చేతికి అందేలా ఉండాలి. మనలో సగంమందిమి పరిశోధక విద్యార్థులకి అంశాలు ఇచ్చేవాళ్లమే. అన్నీ నెట్‌లో ఉన్నాయని వాళ్లని తెర ముందు కూచోబెట్టడం మానేసి, ఒక్కొక్కరినీ ఒక్కో పని దగ్గరికి పంపిద్దాం.