పెరిటోనియల్ డయాలసిస్‌లో పొర పరిరక్షణ

పెరిటోనియల్ డయాలసిస్ అనగా మూత్రపిండాలు విఫలమైన రోగి శరీరంలోని వ్యర్థాలను, అధిక నీటిని కడుపు లోపలి పెరిటోనియం అను పొర ద్వారా తొలగించే చికిత్స. సుమారు 2 లీటర్ల ద్రావణాన్ని గొట్టం ద్వారా కడుపులోనికి నింపి, కొన్ని గంటల తరువాత బయటకు తీస్తారు. రోజుకు మూడు, నాలుగు సార్లు రోగి ఇంటివద్దనే చేసుకొనవచ్చును. హైదరాబాదులో మధురానగర్‌కు సమీపమున, పంజాగుట్టలో గల నిమ్స్ ఆసుపత్రిలో ఈ చికిత్స లభిస్తుంది. దూరపు జిల్లాల రోగులకు వారానికి రెండు, మూడు సార్లు ఆసుపత్రికి ప్రయాణించే అవసరం దీనివలన తప్పుతుంది. అయితే ఈ సౌలభ్యం పొర పనిచేసినంత కాలమే.

పొర చెడిపోవుటకు కారణాలు

ద్రావణంలోని గ్లూకోజు రక్తం నుండి నీటిని లాగుతుంది. పొరను చెడగొట్టేదీ ఆ గ్లూకోజే. ఏళ్ళ తరబడి దాని తాకిడికి పొరలో కొత్త రక్తనాళాలు పుట్టి, పీచు కణజాలం పేరుకొంటుంది. అప్పుడు గ్లూకోజు త్వరగా రక్తంలోనికి ఇంకిపోవుటచే బయటకు వచ్చే నీరు తగ్గుతుంది. నీరు రాలేదని 1.5 శాతం ద్రావణం బదులు 2.5, ఆపై 4.25 శాతం వాడితే పొర మరింత త్వరగా అరుగుతుంది. పెరిటోనైటిస్ అను ఇన్ఫెక్షన్ పదేపదే వచ్చినా ఇదే ఫలితం. అరుదుగా పొర గట్టిపడి పేగులను బిగించివేయుట ప్రాణాపాయకరం.

పొర తీరును తెలుసుకొనుటకు 1987లో ట్వార్డోస్కీ బృందం వివరించిన నాలుగు గంటల 'పెట్' పరీక్ష నేటికీ ప్రామాణికం.

పరిరక్షణ, ప్రభుత్వ విధానం

ఉప్పు తగ్గించుట, మిగిలిన మూత్రాన్ని కాపాడుకొనుట అన్నిటికన్నా చవకైన మార్గాలు. మూత్రం వచ్చినంత కాలం చిక్కని ద్రావణం అవసరం తక్కువ. దీర్ఘ విరామంలో గ్లూకోజు బదులు ఐకోడెక్స్‌ట్రిన్ వాడవచ్చును గాని అది ఖరీదైనది. తటస్థ ద్రావణాలు మూత్రాన్ని ఎక్కువకాలం నిలుపునని ఆధారాలున్నవి. పొర విషయంలో అంత నిశ్చయం లేదు.

2016లో ప్రారంభమైన జాతీయ డయాలసిస్ కార్యక్రమం మొదట యంత్రాలతో చేసే హీమోడయాలసిస్ చుట్టూ రూపొందింది. పెరిటోనియల్ డయాలసిస్‌కు మార్గదర్శకాలు 2019లో వచ్చినవి. ఇంటికి సంచులు చేర్చుటతో పథకం పని ముగియదు. ఏ సంచి అన్నది పొర అవసరాన్ని బట్టి గాక ధరను బట్టి నిర్ణయమైనచో, ఆ లోటు కొన్నేళ్ళకు గాని కనబడదు. అప్పటికి రోగి హీమోడయాలసిస్ కేంద్రానికి మారవలసి వస్తుంది.