కారు ఫ్యాను తిరగకపోతే: మార్చేదా, డైరెక్ట్ ఇచ్చేదా?

మన కాలనీల్లో ఇప్పుడు పాత కార్లు బాగా పెరిగినాయి. బెంగళూరులో పదేళ్లు తిరిగిన ఆల్టోలు, అంతకంటే పాత మారుతి 800లు, ఓమ్నిలు మన పక్కకు వస్తాండాయి. మారుతి 800 తయారీ 2014లోనే నిలిచిపోయింది, ఓమ్ని 2019లో నిలిచిపోయింది. అయినా చిక్కబళ్లాపురం సంతకు పోయినా, చింతామణి మార్కెట్టుకు పోయినా ఆ బండ్లే కనబడతాయి. పెండ్లికి, ఆస్పత్రికి, కైవారానికి ఇంటిల్లిపాదీ పోవాలంటే మనకు అందుబాటులో ఉండేది అవే.

ఈ బండ్లు కొన్నవాళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటుంది. "ఇంజను కాగిపోతాంది. ఫ్యాను తిరగడం లేదంట. మెకానిక్కు డైరెక్ట్ ఇస్తానంటాడు, ఇప్పించుకునేదా?" మిల్లులో మోటార్ల దగ్గర పని చేసేవాణ్ణి కదా, కారు ఫ్యాను కూడా మోటారే కదా అని అడుగుతారు. ఈ నెల దాని గురించే రాస్తాను.

ఫ్యాను ఎప్పుడు అవసరం

బండి వేగంగా పోయేటప్పుడు ఎదురుగాలే రేడియేటరును చల్లబరుస్తుంది. ఫ్యానుకు అప్పుడు పెద్ద పని ఉండదు. బండి నిలబడినప్పుడు, నిదానంగా పోయేటప్పుడు ఎదురుగాలి లేదు కాబట్టి ఫ్యానే దిక్కు. అందుకే ఫ్యాను చెడిన కారు బాగేపల్లి నుంచి దేవనహళ్లి దాకా హైవేలో ఏ తకరారూ లేకుండా పోతుంది. హెబ్బాళ దగ్గర ట్రాఫిక్కులో కాసేపు నిలబడితే ముల్లు పైకి ఎక్కుతుంది. నంది కొండ మీదికి నలుగురిని ఎక్కించుకుని చిన్న గేర్లో పోయేటప్పుడు కూడా అంతే.

దీన్నిబట్టి ఇంట్లో కూర్చునే ఒక సంగతి తెలుసుకోవచ్చు. నిలబడితే కాగి, పరిగెత్తితే చల్లబడే బండికి ఫ్యాను పక్క తప్పు చూడాల. హైవేలో పోతున్నా కాగే బండికి ఫ్యాను మార్చి లాభం లేదు. నీళ్లు తగ్గినాయా, రేడియేటరు పూడుకుందా, థర్మోస్టాట్ వాల్వు మూసుకునే ఉందా, వాటర్ పంపు, బెల్టు సరిగా ఉన్నాయా అని చూడాల.

రేడియేటరు మూతను కూడా మరిచిపోవద్దు. చిక్కబళ్లాపురం సముద్రమట్టానికి 900 మీటర్లకు పైన ఉంది. ఇక్కడ తెరిచిన గిన్నెలో నీళ్లు సుమారు 97 డిగ్రీలకే మరుగుతాయి. రేడియేటరులో అట్ల మరగకుండా మూత లోపల ఒత్తిడి పట్టి ఉంచుతుంది. మూత రబ్బరు పోతే ఫ్యాను బాగున్నా నీళ్లు పొంగుతాయి. మోటారుకు వేలు పోసేముందు మూత చూసుకుంటే నష్టం లేదు.

ఏ వరసలో చూడాల

మిల్లులో మోటారు తిరగకపోతే ఎవరూ మొదటే మోటారు విప్పరు. కరెంటు వస్తోందా, ఫ్యూజు ఉందా, స్టార్టరు పట్టుకుంటోందా, ఆ తర్వాతే మోటారు. కారు ఫ్యానుకూ అదే వరస. ఈ వరస తప్పితే పది ఇరవై రూపాయల ఫ్యూజు పోయినదానికి వేల రూపాయల మోటారు కొనేది జరుగుతుంది.

మొదట ఇంజను బాగా చల్లారినాక నీళ్లు చూడండి. వేడి మీద మూత తిప్పవద్దు. లోపల ఒత్తిడితో ఉండే వేడినీళ్లు మొగానికి ఎగజిమ్ముతాయి. కనీసం అరగంట ఆగండి. ఫ్యాను దగ్గర చెయ్యి పెట్టేముందు బ్యాటరీ నెగటివ్ వైరు తీసేయండి. కొన్ని బండ్లలో తాళం తీసినాక కూడా వేడికి ఫ్యాను దానంతట అదే తిరుగుతుంది.

రెండోది ఫ్యూజు. కాలిపోయి ఉంటే అదే ఆంపియర్లది వేయండి. మళ్లీ కాలితే అంతకంటే పెద్దది వేయవద్దు. ఎక్కడో వైరు తగులుతోంది, లేకుంటే మోటారు పట్టేసింది అని అర్థం.

మూడోది రిలే, అది ఉండే బండ్లలో. పక్కనే అదే రకం రిలే హారనుకో లైట్లకో ఉంటే రెండూ మార్చి పెట్టి చూస్తే తెలిసిపోతుంది.

నాలుగోది థర్మో స్విచ్చి. పాత మారుతి లాంటి బండ్లలో నీళ్ల దారిలో బిగించి ఉండే చిన్న స్విచ్చి ఇది. నీళ్లు 90 డిగ్రీలు దాటి వేడెక్కితే లోపలి కొనలు అతుక్కుంటాయి, ఫ్యాను తిరుగుతుంది. చల్లబడితే విడిపోతాయి, ఫ్యాను నిలుస్తుంది. దాని వైర్లు పీకి, తాళం ఆన్‌లో పెట్టి, ఆ రెండు కొనలనూ ఒక తీగ ముక్కతో కలపండి. ఫ్యాను తిరిగితే మోటారు బాగుంది, స్విచ్చి పోయింది. కంప్యూటరు ఉండే కొత్త బండ్లలో మాత్రం ఇట్ల తీగ కలపవద్దు. అక్కడ ఉండేది స్విచ్చి కాదు, సెన్సారు. స్కానరు ఉండే అంగడికే తీసుకుపోండి.

ఐదోది మోటారు. దాని రెండు వైర్లనూ ఫ్యూజు ఉండే వైరుతో నేరుగా 12 వోల్టుల బ్యాటరీకి ఇవ్వండి. అప్పుడు కూడా తిరగకపోతేనే మోటారు పోయినట్టు. కట్టెతో మెల్లగా తట్టితే తిరగడం మొదలుపెట్టే మోటారుకు ఎక్కువగా కార్బన్లు అరిగి ఉంటాయి. ఇంట్లో మిక్సీకి కార్బన్లు అయిపోయినట్టే ఇదీ.

డైరెక్ట్ ఇస్తే ఏమవుతుంది

డైరెక్ట్ అంటే థర్మో స్విచ్చిని తప్పించి, డ్రైవరు ముందర ఒక స్విచ్చి పెట్టి, ముల్లు ఎక్కినప్పుడు చేత్తో వేసుకునేది. అరగంట పని, ఖర్చు కొంచెమే. అందుకే అందరికీ నచ్చుతుంది.

చిన్న కారు ఫ్యాను కూడా ఏడెనిమిది ఆంపియర్లు లాగుతుంది, మొదలయ్యేటప్పుడు ఇంకా ఎక్కువ. ఇంటి గోడకు పెట్టే మామూలు స్విచ్చి 6 ఆంపియర్లది, అదీ ఇంటి కరెంటుకు చేసింది. సన్న వైరు, ఆ స్విచ్చి కలిపి డాష్‌బోర్డు కింద పెడితే వైరు వేడెక్కి ప్లాస్టిక్కు కరుగుతుంది. ఫ్యూజు కూడా లేకపోతే నిప్పు పుట్టే పని అది. బ్యాటరీ నుంచి నేరుగా తీసిన వైరు అయితే రాత్రి ఆపడం మరిచినా తిరుగుతానే ఉంటుంది. మారుతి 800లో ఉండే 35 ఆంపియర్ అవర్ బ్యాటరీ నాలుగైదు గంటల్లో ఖాళీ అయిపోతుంది.

ఇవన్నీ మంచి ఎలక్ట్రీషియను సరిచేయగలడు. లావు వైరు, రిలే, ఫ్యూజు పెడితే సరి. సరిచేయలేనిది ఇంకొకటుంది. దాన్ని మా వీధిలో ఒక ఇల్లాలు చెప్పింది.

వాళ్లింటాయన వరసకు నాకు తమ్ముడు. బెంగళూరు నుంచి పాత మారుతి 800 తెచ్చినాడు. కూతురు బాగేపల్లిలో ఉంది, నెలలు నిండినాయి. బిడ్డను కాన్పుకు ఇంటికి తెచ్చుకోవాల, నొప్పులొస్తే ఆస్పత్రికి తీసుకుపోవాల. సరిగ్గా అప్పుడే బండి కాగడం మొదలుపెట్టింది. ఒక మెకానిక్కు మోటారు పోయిందన్నాడు. ఇంకొకరు డైరెక్ట్ ఇస్తే చాలన్నాడు. మేమిద్దరం పైన చెప్పిన వరసలో చూసినాము. ఫ్యూజు బాగుంది. తీగ కలిపితే ఫ్యాను రయ్యిమని తిరిగింది. మోటారుకు ఏమీ కాలేదు, స్విచ్చే పోయింది. విప్పి చూస్తే దాని మొన మీద తెల్లగా సున్నం పేరుకుని ఉంది.

"అన్నా, మోటారు బాగుంది కదా, ఇంక డైరెక్టే ఇచ్చేద్దాం. ముల్లు నేను చూసుకుంటాను" అన్నాడు తమ్ముడు.

లోపలినుంచి ఆయమ్మ వచ్చింది. "నువ్వు రెండో షిఫ్టుకు పోయినప్పుడు బండి తోలేది చిన్నోడు. రాత్రి బిడ్డకు నొప్పులొస్తే వాని చూపు బిడ్డ మీద ఉంటాదా, ఆ ముల్లు మీద ఉంటాదా? స్విచ్చి ఎవరికి గుర్తుంటాది బావా?" అని నన్నే అడిగింది.

దానికి నా దగ్గర జవాబు లేదు, తమ్ముని దగ్గరా లేదు. కొత్త స్విచ్చికే ఒప్పుకున్నాడు. ఆ సామాను వచ్చేదానికి రెండు రోజులు పట్టింది. అంతవరకూ రిలే, ఫ్యూజు పెట్టి, తాళం ఆన్ చేస్తే ఫ్యాను తిరిగేటట్టు ఇచ్చినాము. తాళం తీస్తే ఆగిపోతుంది. ఎవరూ ఏదీ గుర్తుపెట్టుకునే పని లేదు. ఎప్పటికీ అట్లే పెడితే మోటారు ఊరికే అరుగుతుంది కాబట్టి అది రెండు రోజుల మాటే.

నేను చెప్పదలచుకున్నది ఇదే. ఇంట్లో బండి ఒకరే తోలరు. అల్లుడు తోలతాడు, కొడుకు తోలతాడు, అడిగితే పక్కింటోళ్లకూ ఇస్తాము. తోలేవాని జ్ఞాపకం మీద ఆధారపడే రిపేరీ ఎంత చవకైనా చవక కాదు. ఒక్కసారి మరిచిపోతే హెడ్ గాస్కెట్ పోతుంది, అల్యూమినియం హెడ్డు వంగుతుంది. స్విచ్చి వందల్లో అయిపోయేది, ఆ పని వేలల్లోకి పోతుంది. కొన్నిసార్లు బండి ధరలో సగం అవుతుంది.

మోటారే పోయి ఉంటే

అప్పుడు మూడు దారులు ఉన్నాయి. మోటారు విప్పడానికి వచ్చే రకమైతే, వైండింగు కాలకపోతే, కార్బన్లు మార్చించేది అన్నిటికంటే తక్కువ ఖర్చు. కాలిన వాసన వస్తే దాని మీద డబ్బులు పెట్టవద్దు.

రెండోది పాత మోటారు. బెంగళూరు శివాజీనగర్ గుజరీ అంగళ్లలో దొరుకుతుంది. కొనేముందు షాఫ్టు పక్కలకు ఊగుతుందా చూడండి. బ్యాటరీకి ఇచ్చి పది నిముషాలు తిప్పించండి. గరగర శబ్దం వచ్చినా, చెయ్యి పెట్టలేనంత వేడెక్కినా వద్దనండి.

మూడోది కొత్తది. జె.సి. రోడ్డులో గానీ మన ఊరి స్పేర్ పార్టుల అంగట్లో గానీ బిల్లుతో తీసుకోండి. బండిని ఇంకా మూడు నాలుగేళ్లు పెట్టుకునేవాళ్లకు ఇదే మేలు. ఏడాదిలో అమ్మేసేవాళ్లు మంచి పాతదానితో గడపవచ్చు.

ఏది బిగించినా గాలి ఏ పక్కకు పోతోందో చూడండి. వైర్లు తారుమారైతే ఈ మోటారు వెనక్కి తిరుగుతుంది. ఫ్యాను రేడియేటరుకు ఇంజను పక్కన ఉండే బండ్లలో, రేడియేటరు ముందర పక్క ఒక కాగితం పెట్టండి. అతుక్కుంటే సరిగా తిరుగుతున్నట్టు, ఎగిరిపోతే వైర్లు మార్చండి.

బోరు నీళ్లు పోయవద్దు

ఆ స్విచ్చి మీద సున్నం ఎక్కడినుంచి వచ్చిందో మనకు వేరే చెప్పాల్సిన పని లేదు. మన జిల్లాలో బోర్లు వెయ్యి అడుగులు దాటి పోతాండాయి. ఆ నీళ్లు కాచిన పాత్ర అడుగున తెల్లగా పట్టేదే రేడియేటరు సన్న గొట్టాల్లోనూ పడుతుంది. ముందు గొట్టాలు పూడుకుంటాయి, తర్వాత స్విచ్చికి వేడి సరిగా అందదు. అంగట్లో దొరికే కూలెంటును డిస్టిల్డ్ వాటరులో డబ్బా మీద చెప్పిన కొలతకు కలిపి పోయండి. దారిలో వేరే దిక్కు లేక బోరు నీళ్లు పోస్తే, ఊరు చేరినాక ఖాళీ చేయించి మంచివి పోయించండి. కాగి ఉన్న ఇంజనులో మాత్రం చన్నీళ్లు పోయవద్దు, హెడ్డు పగులుతుంది.

దారిలో ముల్లు ఎక్కితే ఏసీ ఆపండి. హీటరు ఉండే బండిలో దాన్ని పూర్తిగా తిప్పి పెట్టండి, కొంత వేడి ఆ దారిన బయటికి పోతుంది. పక్కకు తీసుకుని ఇంజను ఆపండి.

ఈ ఆదివారం ఒక పని చేయండి. బండిని ఇంటి ముందర బయలులో నిలబెట్టి, ఏసీ వేయకుండా, ఇంజను తిరగనిచ్చి ముల్లు దగ్గరే ఉండండి. పావుగంట, ఇరవై నిముషాల్లో ఫ్యాను దానంతట అదే మొదలై, కాసేపటికి దానంతట అదే నిలవాల. మళ్లీ కాసేపటికి మొదలవాల. అట్ల రెండు మూడుసార్లు జరిగితే మీ బండికి ఏమీ చేయించవద్దు. ముల్లు సగం దాటి పైకి పోతున్నా ఫ్యాను కదలకపోతే వెంటనే ఇంజను ఆపి, సోమవారం ఫ్యూజు దగ్గరినుంచి మొదలుపెట్టండి.