ఏట్రా, తేరిందేటి నీ బీరు?

శుక్రవారం సాయంత్రం. హైదరాబాద్‌లో నేను పనిచేసే చిన్న బ్రూవరీలో కొత్త ల్యాగర్ ట్యాంకు కుళాయి తిప్పాను. బంగారంలా మెరవాల్సిన బీరు పసుపు కలిపిన కుడితిలా మసకగా దిగింది. మొత్తం వెయ్యి లీటర్లు! ఓనర్ ఫోన్ తీశాడు. మాల్టు పంపినవాణ్ని తిట్టడానికి.

‘‘ఒక్క రోజు ఆగండి సార్’’ అన్నాను.

మాది శ్రీకాకుళం జిల్లా, నాగావళి ఒడ్డు. మా ఊళ్లో కల్లు తెల్లగా, మసకగా ఉంటేనే కల్లు. ల్యాగర్‌కి ఆ వీల్లేదు. 1842లో పిల్సెన్ పట్టణంలో జోసెఫ్ గ్రోల్ బంగారు రంగు ల్యాగర్ కాచినప్పటి నుంచి తేటగా ఉండటమే దాని పరువు.

మసకల్లో రకాలున్నాయి. జబ్బేంటో తెలీకుండా మందు వేయకూడదు కదా! మూడు పరీక్షలు చేశా. ఒక గ్లాసులో అయోడిన్ చుక్క వేశా. నల్లబడితే పిండి మిగిలినట్టు. నల్లబడలేదు. ఇంకో గ్లాసు వాసన, రుచి చూశా. పులిస్తే బ్యాక్టీరియా, పారబోయడమే. పులవలేదు. మూడో గ్లాసుని చల్లదనం పోయేదాకా బయట పెట్టా. చాలావరకు తేటపడింది! మాల్టు ప్రొటీన్లు, పొట్టులోని పాలీఫినాల్స్ చలికి జట్టు కట్టి మసకేస్తాయి, వేడెక్కితే విడిపోతాయి. పొద్దున్నకి అడుగున పల్చటి మడ్డి. అది ఈస్టు.

రెండింటికీ కారణం ఒక్కటే, తొందర. జర్మన్‌లో ‘ల్యాగర్’ అంటేనే నిల్వ. సున్నా డిగ్రీల దగ్గర వారాల తరబడి ఉంచాల్సిన బీరుని, వీకెండ్ గిరాకీ కోసం ముందే తీసేశాం. తీయమన్నది నేనే.

ఓనర్‌కి అదే చెప్పా. ‘‘తప్పు మాల్టుది కాదు సార్, నాది.’’ ఆయన ఫోన్ జేబులో పెట్టి, చాలాసేపు మాట్లాడలేదు.

చిన్నప్పుడు వరదకి ఏటి నీళ్లు ఎర్రగా వచ్చేవి. అమ్మమ్మ కుండ లోపల చిల్లగింజ అరగదీసేది. మట్టి ముద్దకట్టి అడుక్కి దిగేది. బీరులో జెలటిన్ చేసే పనీ ఇలాంటిదే. కానీ అది జంతువుల నుంచి వస్తుంది, మా దగ్గరికి శాకాహారులూ వస్తారు. అందుకే సిలికా జెల్ వాడాం. అది ప్రొటీన్లను పట్టుకుని కిందికి దిగుతుంది. పైన రెండు వారాలు చలిలో ఉంచాం. ఆ వీకెండ్ గోధుమ బీరు పోశాం. అది మసకగానే ఉండాలి మరి!

ఈసారి నుంచి గంటసేపు గట్టిగా మరిగించడం, చివరి పావుగంటలో ఐరిష్ మాస్ వేయడం, వెంటనే చల్లార్చడం... ఏదీ వదలను. తేదీ మాత్రం నేను పెట్టను, గ్లాసు చెప్పాలి.

అమ్మమ్మ ఫోన్ చేసింది. ‘‘ఏట్రా, తేరిందేటి నీ బీరు?’’

గ్లాసు వెనక పేపర్ పెట్టి చూశా. అక్షరాలు చదవగలిగాను.

‘‘తేరిందే!’’