పెళ్ళయ్యాక చూద్దువులే!

మన ఇళ్ళల్లో ఆడపిల్లకు దేశం చూపించే బాధ్యతను తరతరాలుగా ఒకే ఒక మనిషి నెత్తిన పెట్టేశారు. ఆ మనిషి ఎవరో ఇంకా తెలియదు. ఎక్కడున్నాడో తెలియదు. ఊళ్ళు తిరగడం ఆయనకు ఇష్టమో, ఆదివారం పూట ముసుగు తన్ని పడుకోవడం ఇష్టమో అంతకన్నా తెలియదు. అయినా సరే, పిల్ల హంపి అడిగితే ఆయనే చూపించాలి, ఆగ్రా అడిగినా ఆయనే చూపించాలి. ఆయనగారే కాబోయే అల్లుడుగారు!

ఇప్పుడీ గొడవ ఎందుకంటారా? చెబుతాను. మా అక్క కూతురు మదనపల్లిలో బి.ఏ. రెండో సంవత్సరం చదువుతోంది. రోజూ పలమనేరులో బస్సెక్కి పుంగనూరు మీదుగా వెళ్ళి వస్తుంది. పోయిన ఆదివారం మా ఇంటికి వచ్చి చరిత్ర నోట్సు మర్చిపోయి వెళ్ళింది. నేనూ ఒకప్పుడు చరిత్ర చదివిన దాన్నే కదా అని తిరగేశాను. ముందు పేజీల్లో కృష్ణదేవరాయల దండయాత్రలు. వెనక పేజీల్లో మా పిల్ల యాత్రలు!

రెండు జాబితాలు రాసుకుంది. ‘చూసినవి’ అన్న దాని కింద నాలుగే నాలుగు. తిరుపతి, కాణిపాకం, హార్సిలీ కొండ, కైగల్ జలపాతం. ఒక్కొక్కదాని పక్కన చిన్న అక్షరాలతో జ్ఞాపకాలు. హార్సిలీ కొండ పక్కన ఇలా ఉంది: ‘ఎనిమిదో తరగతి. నీలగిరి చెట్ల వాసన. చేతులు చల్లగా అయిపోయినాయి. చీకటి పడకముందే దిగిపొమ్మన్నారు. పైనుంచి మన ఊరి దీపాలు చూడాలని ఉండె.’ కైగల్ దగ్గర: ‘నీళ్ళు తక్కువ. పులిహోర బాగుంది.’ అంతే. ఇరవయ్యేళ్ళ పిల్ల చూసిన ప్రపంచం అది.

‘చూడాల్సినవి’ ముప్పై ఒకటి ఉన్నాయి. లేపాక్షి, గండికోట, అరకు, కోణార్కు, అజంతా, ఢిల్లీ... అన్నిటికన్నా పైన హంపి. దాని చుట్టూ ఎర్ర సిరాతో సున్నా. ఆ పేజీలోనే మడతపెట్టి ఒక కాగితం. కాలేజీవాళ్ళు హంపికి మూడు రోజుల విజ్ఞానయాత్ర పెట్టారు. 3,200 రూపాయలు, సోమవారంలోగా కట్టాలి. కింద ‘తండ్రి సంతకం’ అన్నచోట ఖాళీ. అన్నట్టు, ఆ సంతకం ఆడపిల్లలకు మాత్రమేనట. మగపిల్లలు పేరిస్తే చాలునట!

సాయంత్రం మా బావకు ఫోను చేశాను.

“సంతకం ఎందుకు పెట్టలేదు బావా?”

“కాలం బాగలేదు కదమ్మా! నీకు నేను చెప్పాల్నా?”

“మరి పెద్దోడు పోయిన నెల మోటారుసైకిలు మీద గోవా పోయొచ్చినాడే? వాడికి కాలం బాగుందా?”

“వాడేమన్నా నన్ను అడిగి పోయినాడా? పోయినాక ఫోను చేసె. ఏం చేసేది?” అని ఒక నిట్టూర్పు విడిచి, ఆ తర్వాత అన్నాడు ఆ మహామంత్రం. “అయినా ఇప్పుడేం తొందర? పెళ్ళయినాక మొగుడితో పోయి చూస్తాదిలే.”

గమనించారా? అడక్కుండా పోయినవాడికి ఏ శిక్షా లేదు. కాగితం తెచ్చి, తేదీ చెప్పి, వెంట వచ్చే లెక్చరర్ల పేర్లు చెప్పి, మర్యాదగా అడిగిన పిల్లకు శిక్ష! దీన్నుంచి ఆ పిల్ల నేర్చుకునే నీతి ఏమిటి? నాన్నను అడగడమే తప్పు అని. రేపు అది కూడా చెప్పకుండా ఎటో పోతే, ‘మేమెంత క్రమశిక్షణతో పెంచామో’ అని ఏడ్చేది మళ్ళీ ఈ తండ్రులే.

ఆ మహామంత్రం నాకు కొత్త కాదు. 2000 సంవత్సరంలో నేను బి.ఏ. ఆఖరి సంవత్సరంలో ఉండగా మా కాలేజీ నుంచీ హంపికి బస్సు బయల్దేరింది. 400 రూపాయలు. మా నాయన నోట కూడా అక్షరం పొల్లుపోకుండా ఇదే మాట. బస్సు వెళ్ళింది. నా స్నేహితురాలు తుంగభద్ర ఒడ్డు నుంచి చింతగింజంత నల్లరాయి తెచ్చి నా చేతిలో పెట్టింది. పరీక్షలో విఠలాలయం గురించి వ్యాసం రాయమన్నారు. చూడని గుడి గురించి నాలుగు పేజీలు రాసి మంచి మార్కులే తెచ్చుకున్నాను. ఆ అలవాటే తర్వాత నవలల్లో పనికొచ్చింది లెండి. నా నాయికల్ని ఊటీకి పంపాను, కాశ్మీరు పంపాను. అవన్నీ గోడకు వేలాడే క్యాలెండర్లు చూసి రాసినవే!

పెళ్ళయింది. హంపి అడిగితే ‘పిల్లలు పుట్టనీ’ అన్నారు. పుట్టారు. ‘కాస్త పెద్దవనీ’ అన్నారు. పెద్దయ్యారు. ‘పరీక్షలు కానీ’ అన్నారు. చివరికి నా నలభై మూడో ఏట, బళ్ళారిలో బంధువుల పెళ్ళికి వెళ్ళి, వచ్చేటప్పుడు హంపికి మళ్ళాం. మా అత్తగారికి విరూపాక్ష దర్శనం, మావారికి మధ్యాహ్న భోజనం ముఖ్యం. నాకు దొరికింది రెండు గంటలు. మతంగ కొండ ఎక్కుదామని మొదలుపెట్టి, మోకాలు పట్టేస్తే సగంలో దిగొచ్చేశాను. ఇరవయ్యేళ్ళప్పుడైతే ఆ కొండ పరిగెత్తి ఎక్కేదాన్ని. ‘పెళ్ళయ్యాక’ అన్న మాటకు అర్థం నాకా మెట్ల మీద తెలిసింది. మొగుడు చెడ్డవాడు కానక్కరలేదు. మావారు బంగారంలాంటి మనిషి. కానీ అప్పటికి నా ప్రయాణం నాది కాకుండా పోయింది. అది అందరి ప్రయాణం, అందులో నేను సంచులు లెక్కపెట్టే మనిషిని.

‘పూర్వకాలంలో ఆడవాళ్ళు తిరిగారా?’ అంటాడు మా బావ. తిరిగారు బావా! 1830లో ఏనుగుల వీరాస్వామయ్య చెన్నపట్నం నుంచి కాశీకి బయల్దేరినప్పుడు రైలు లేదు, సరైన రోడ్డు లేదు. అయినా ఇంటి ఆడవాళ్ళతో సహా వందమంది దాకా పరివారాన్ని వెంటబెట్టుకుని వెళ్ళి వచ్చాడు. ఓడెక్కితే కులం పోతుందనుకునే 1870లలో పోతం జానకమ్మ అనే తెలుగు ఇల్లాలు ఇంగ్లండు చూసివచ్చి, ఆ ప్రయాణం మీద పుస్తకం కూడా రాసింది.

అంత దూరం ఎందుకు, నీ కూతురు రోజూ బస్సు దిగే మదనపల్లినే చూడు. అక్కడ 1915లో కాలేజీ పెట్టిన అనీ బిసెంట్, 1893లో మన దేశంలో కాలు పెట్టినప్పుడు పక్కన ఏ మొగుడూ లేడు. 1919 ఫిబ్రవరిలో రవీంద్రుడు ఆ ఊరికి వచ్చి జనగణమనను ఇంగ్లీషులోకి అనువదించినప్పుడు, ఆ పాటకు స్వరాలు కుదర్చడంలో చెయ్యి వేసింది ఐర్లండు నుంచి వచ్చిన మార్గరెట్ కజిన్స్. సముద్రాలు దాటి ఆడవాళ్ళు మన ఊళ్ళకు రావడం మనకు గొప్ప, సభల్లో చెప్పుకుంటాం. మన ఊరి పిల్ల తుంగభద్ర దాకా పోతానంటే మాత్రం కాలం బాగుండదు!

ఆ మాటకొస్తే మా ప్రాంతంలో తిరగనిది ఏముంది? మదనపల్లి టమాటా లారీ ఎక్కి ఢిల్లీ దాకా పోతుంది. పుంగనూరు పొట్టి ఆవులు 2024 సంక్రాంతికి ఢిల్లీలో ప్రధానమంత్రి ఇంట్లో ఫొటోలకు నిలబడ్డాయి. ఏనుగుల సంగతి సరేసరి. 1980లలో తమిళనాడు అడవుల నుంచి నడిచి మా పలమనేరు, కుప్పం అడవుల్లోకి వచ్చాయి. 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. మా రైతుల చెరకూ అరటీ తొక్కి నానా బాధ పెడతాయి, అది వేరే కథ. కానీ ఆ గుంపుకు దారి చూపేది ఎవరనుకున్నారు? పెద్ద ఆడ ఏనుగు! ఏ మడుగులో నీళ్ళుంటాయో, ఏ దారిన ముప్పుంటుందో దానికి గుర్తు. తిరిగింది కాబట్టి తెలిసింది. తెలిసింది కాబట్టి గుంపును నడిపిస్తోంది. ఇల్లు నడపాల్సిన పిల్లకు మాత్రం ఏ దారీ తెలియనక్కరలేదు!

ప్రభుత్వాలైనా ఒక అడుగు ముందుకు వేశాయి. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్ళకు పల్లెవెలుగు నుంచి ఎక్స్‌ప్రెస్ దాకా ఆర్టీసీ బస్సుల్లో టిక్కెట్టు డబ్బు లేదు. మంచిదే. మా పిల్లకు నెలకు పాసు ఖర్చు తప్పింది. కానీ కండక్టరు ఇచ్చే సున్నా టిక్కెట్టు ఎంతవరకు పనిచేస్తుంది? గడప దాటినాక పనిచేస్తుంది. గడప దాటడానికి కావలసిన టిక్కెట్టు ఇంకా నాన్న జేబులోనే ఉంది.

సరే, మీ భయం దగ్గరికే వద్దాం. దాన్ని నేను వేళాకోళం చెయ్యను. 2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లో, బియాస్ నదిలో దిగి ఫొటోలు తీసుకుంటున్న హైదరాబాదు ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది, పైనున్న లార్జీ డ్యామ్ నుంచి వదిలిన నీళ్ళలో కొట్టుకుపోయారు. ఆ వార్త విన్న రాత్రి నా పిల్లల పక్కలో పడుకుని నేనూ ఏడ్చాను. కానీ ఒక్కమాట. ఆ నది ఆడా మగా చూడలేదు. పోయినవాళ్ళలో ఎక్కువమంది మగపిల్లలే. అయినా మగపిల్లల ప్రయాణాలు ఆగాయా? ఆగలేదు, ఆగకూడదు కూడా. ఆ దుఃఖం నుంచి నేర్చుకోవలసింది ఇంట్లో కూర్చోమని కాదు. తెలియని నదిలో దిగొద్దని, స్థానికుల్ని అడక్కుండా అడుగు వెయ్యొద్దని, పిల్లల్ని తీసుకువెళ్ళే పెద్దలు పెద్దలుగా ఉండాలని.

కాబట్టి అడగవలసినవి కాలేజీని అడగండి. వెంట ఆడ లెక్చరర్లు ఎందరు వస్తున్నారు? రాత్రిపూట బస్సు నడుపుతారా? ఒక్క డ్రైవరా, ఇద్దరా? బస ఎక్కడ? ఫోను నెంబర్లు ఏవి? జవాబు సరిగా రాకపోతే సంతకం పెట్టకండి. ఆ మాటకొస్తే కొడుకును కూడా పంపకండి! జాగ్రత్త అంటే అది. ‘పెళ్ళయ్యాక’ అనడం జాగ్రత్త కాదు, బరువును ఇంకొకరి వాకిట్లో దించేయడం. డబ్బు లేదంటారా? అది నిజమైన కష్టం. ఆ మాటే నేరుగా చెప్పండి, పిల్ల అర్థం చేసుకుంటుంది. కాలేజీవాళ్ళు కూడా మూడు నాలుగు వాయిదాల్లో కట్టించుకుంటే వాళ్ళ సొమ్మేం పోదు. ఆ తండ్రి సంతకమేదో కావాలంటే ఇద్దరికీ కావాలనండి, లేదా ఇద్దరికీ వద్దనండి.

ఇంకో తెలివైన మాట ఉంది. ‘అంతా ఫోనులో కనబడుతుంది కదా, పోవడమెందుకు?’ చూడ్డమే అయితే ఫోను కూడా దండగ. 2017 నుంచి వస్తున్న 50 రూపాయల నోటు వెనక హంపి రాతిరథం ఉంది. మా పిల్ల సంచిలో అలాంటిది ఒకటి ఎప్పుడూ ఉంటుంది. కానీ ఆ రథం పక్కన నిలబడితే తన తల ఎంతవరకు వస్తుందో నోటు చెప్పదు. ఎండలో రాయి ఎంత వేడెక్కుతుందో చెప్పదు. తెలియని ఊళ్ళో దారి తప్పి, ఎవరినో అడిగి, మళ్ళీ తన గుంపును కలుసుకున్నప్పుడు వచ్చే ధైర్యం ఏ ఫోనూ ఇవ్వదు. రేపు ఉద్యోగమో, అత్తిల్లో, ఒంటరి బతుకో, ఏది ఎదురైనా అక్కరకొచ్చేది ఆ ధైర్యమే.

ఇంత వాదించాక నా తప్పు దాచడం ధర్మం కాదు. పోయిన ఏడాది మా అమ్మాయి, ఇంటర్ చదువుతోంది, స్నేహితురాళ్ళతో కలిసి లేపాక్షి వెళ్ళొస్తానంది. పొద్దున పోయి సాయంత్రానికి వచ్చే ప్రయాణం. నేను వంటింట్లో చింతపండు పిసుకుతూ, తల కూడా తిప్పకుండా, “ఇప్పుడెందుకే, పెళ్ళయ్యాక చూద్దువులే” అన్నాను. అది మారుమాట్లాడకుండా వెళ్ళిపోయింది. మా నాయన మాట నా నోట్లో అంత భద్రంగా ఉందని నాకప్పటిదాకా తెలియదు. ఆ నోట్సులో ఎర్ర సున్నా చూసినప్పుడే గుర్తొచ్చి సిగ్గుపడ్డాను. ఈ మాట తండ్రులు మాత్రమే అనరు. హంపి చూడలేకపోయిన తల్లులూ అంటారు.

అందుకని ఈ రాత్రి రెండు పనులు చేశాను. మా అమ్మాయిని పిలిచి లేపాక్షికి ఎప్పుడు పోతావో తేదీ చెప్పమన్నాను. నమ్మలేనట్టు చూసింది. తర్వాత మా బావకు మళ్ళీ ఫోను చేశాను. “3,200 నేను కడతాను బావా, కానీ సంతకం నేను పెట్టను. అది నీ చేత్తోనే పెట్టాలి. దానికి కావలసింది డబ్బు కాదు, మా నాన్న పొమ్మన్నాడు అన్న మాట” అన్నాను.

చాలాసేపు పలకలేదు. “ఆ కాగితం నీ దగ్గరే ఉండాదా?” అన్నాడు చివరికి.

నా దగ్గరే ఉంది. రేపు పొద్దున మొదటి బస్సుకు తీసుకుపోతాను. సోమవారం ఇంకా రెండు రోజులుంది. మీ ఇంట్లో కూడా ఇలాంటి కాగితం ఏ నోట్సు మడతలోనో ఉండి ఉంటుంది, ఒకసారి వెతికి చూడండి.