డకార్ చేరని డకార్ ర్యాలీ

సెనెగల్ రాజధాని డకార్ పేరు మీద నడిచే కార్లు, మోటార్‌సైకిళ్ల ర్యాలీ ఆ నగరానికి చివరిసారి వెళ్లింది 2007 జనవరిలో. ఆ తర్వాత 2009 నుంచి 2019 దాకా దక్షిణ అమెరికాలో తిరిగింది. 2020లో సౌదీ అరేబియాకు మారింది. ఖండం మారింది, దారి మారింది. పేరు మాత్రం మారలేదు. ప్రపంచంలోనే అత్యంత కఠినమైన మోటార్ పోటీ అన్న కీర్తి అంతా ఆ ఒక్క మాటలోనే ఉంది మరి. అయితే ఆ కీర్తికి మూల్యం చెల్లించిన వాళ్లందరి పేర్లూ ఫలితాల పట్టికలో కనిపించవు.

కథ ఒక దారి తప్పిన మనిషితో మొదలైంది. 1977లో అబిజాన్-నీస్ ర్యాలీలో మోటార్‌సైకిల్‌పై వెళ్తున్న తియెరీ సబీన్ అనే ఫ్రెంచి యువకుడు లిబియా ఎడారిలో చిక్కుకుపోయాడు. చావు అంచుల దాకా వెళ్లి బయటపడ్డాడు. మరొకరైతే మళ్లీ ఎడారి పేరెత్తకపోదురు. సబీన్ మాత్రం నలుగురికీ ఆ అనుభవం చూపించాలనుకున్నాడు. 1978 డిసెంబర్ 26న పారిస్‌లోని ట్రొకాడెరో కూడలి నుంచి 182 వాహనాలు బయల్దేరాయి. సుమారు 10,000 కి.మీ. ప్రయాణం. మూడు వారాల తర్వాత డకార్ చేరినవి 74. బైకులకు, కార్లకు కలిపి ఒకే పట్టిక ఉన్న ఆ తొలి పోటీలో యమహా బైకు మీద వచ్చిన సిరిల్ నెవ్యూ విజేత.

ఆ దారిని పటంలో చూస్తే మరో సంగతి బోధపడుతుంది. అల్జీరియా, నైజర్, మాలి, అప్పర్ వోల్టా (ఇప్పటి బుర్కినా ఫాసో), సెనెగల్... అన్నీ ఒకప్పుడు ఫ్రాన్స్ ఏలిన దేశాలే. అల్జీరియాకు స్వాతంత్ర్యం వచ్చింది 1962లో, మిగిలినవాటికి 1960లో. అప్పటికి ఇరవయ్యేళ్లయినా నిండలేదు. పాలకులు వెళ్లిపోయిన దారినే వాళ్ల దేశం కార్లు మళ్లీ వచ్చాయి. ఈసారి సాహసం పేరుతో. యూరప్ టీవీ తెరల మీద సహారా అంటే ఇసుక, ఆకాశం, దుమ్ము లేపుకుంటూ పోయే వాహనం. ఆ ఇసుకలో ఊళ్లున్నాయని, బావులున్నాయని, పిల్లలు దారి దాటుతుంటారని గుర్తుచేసే దృశ్యాలు తక్కువ.

ఎవరి ప్రాణానికి ఎంత విలువో రెండు ఘటనలు చెబుతాయి. 1982లో నాటి బ్రిటన్ ప్రధాని కుమారుడు మార్క్ థాచర్ తన బృందంతో సహా అల్జీరియా ఎడారిలో తప్పిపోయాడు. ఆరు రోజుల పాటు ప్రపంచమంతా అదే వార్త. గాలింపుకు విమానాలు దిగాయి. చివరికి అల్జీరియా సైనిక విమానమే అతణ్ణి కనిపెట్టింది. ఇక 1988 సంగతి. ఆ ఏడాది ఆరుగురు చనిపోయారు. వారిలో ముగ్గురు పోటీదారులు. మిగిలిన ముగ్గురు మాలిలో ఒక పదేళ్ల బాలిక, మారిటేనియాలో ఒక తల్లీకూతుళ్లు. ఆకలితో, దాహంతో జనం చచ్చిపోయే చోట ఈ సంపద ప్రదర్శన ఏమిటని వాటికన్ పత్రిక సైతం దుయ్యబట్టింది. ర్యాలీ మాత్రం ఆగలేదు.

అంతకు రెండేళ్ల ముందే, 1986 జనవరి 14న, మాలిలో హెలికాప్టర్ కూలి సబీన్ మరణించాడు. అతనితో పాటు మరో నలుగురు. వారిలో గాయకుడు డానియల్ బాలవాన్ ఒకరు. ఆఫ్రికా పల్లెలకు నీటి పంపులు అందించే పని మీద వచ్చినవాడు. ర్యాలీకి ఈ ముఖమూ ఉందని ఒప్పుకోవాలి. సాహసమూ బూటకం కాదు. మామూలు ఉద్యోగులు, చిరు వ్యాపారులు దాచుకున్న డబ్బంతా పెట్టి పాల్గొన్న పోటీ ఇది. 2001లో జర్మనీకి చెందిన యుట్టా క్లైన్‌ష్మిట్ పురుషులందరినీ వెనక్కి నెట్టి కార్ల విభాగంలో గెలిచింది. ఆ ఘనత సాధించిన తొలి మహిళ ఆమే.

కానీ ఎడారి రాజకీయం మారుతూ వచ్చింది. 2000లో దాడుల భయంతో నైజర్‌ను తప్పించి, వాహనాలన్నిటినీ భారీ విమానాల్లో లిబియాకు చేర్చారు. 2006లో గినియాలో పదేళ్ల బాలుడు, సెనెగల్‌లో పన్నెండేళ్ల బాలుడు వాహనాల కింద పడి మరణించారు. 2007 డిసెంబర్ 24న మారిటేనియాలో నలుగురు ఫ్రెంచి పర్యాటకుల హత్య జరిగింది. అల్‌ఖైదా అనుబంధ ముఠాల బెదిరింపులూ తోడయ్యాయి. 2008 జనవరి 4న, లిస్బన్‌లో జెండా ఊపడానికి ఒక్క రోజు ముందు, పోటీ రద్దయింది. బాలల మరణాలకు ఆగని ర్యాలీ భద్రతా హెచ్చరికకు ఆగింది.

దక్షిణ అమెరికాలోనూ పాత ప్రశ్నే ఎదురైంది. చిలీ ఎడారిలోని ప్రాచీన అవశేషాలను చక్రాలు తొక్కేస్తున్నాయని పురావస్తు నిపుణులు మొత్తుకున్నారు. 2019 నాటికి ఆతిథ్యానికి మిగిలింది పెరూ ఒక్కటే. అప్పుడు తలుపు తెరిచింది సౌదీ. మహిళలు కారు నడపడంపై నిషేధాన్ని 2018లో ఎత్తేసిన ఆ దేశానికి, ఆ హక్కు కోసం పోరాడిన మహిళలను జైల్లో పెట్టిన ఆ దేశానికే, మోటార్ పోటీ కొత్త ముఖం ఇచ్చింది.

ఇదంతా మనకెందుకు అనడానికి లేదు. 2015లో బెంగళూరుకు చెందిన సి.ఎస్. సంతోష్ 36వ స్థానంలో నిలిచి డకార్ పూర్తి చేసిన తొలి భారతీయుడయ్యాడు. 2021లో అదే పోటీలో పడిపోయి, కోమా దాకా వెళ్లి బతికి బయటపడ్డాడు. 2020లో హీరో జట్టు రైడర్, పోర్చుగల్‌కు చెందిన పాలో గొన్సాల్వెస్ పోటీలోనే ప్రాణాలు విడిచాడు. 2024లో హీరో బైకు మీద రాస్ బ్రాంచ్ రెండో స్థానం సాధించాడు. కేరళ కుర్రాడు హరిత్ నోవా ర్యాలీ-2 విభాగంలో గెలిచాడు. గర్వించదగ్గ విజయాలే.

నాలుగు దశాబ్దాల పైబడిన ఈ చరిత్రలో మృతులు 70 మందికి పైనే. రైడర్‌కు తాను ఏ ప్రమాదానికి సిద్ధపడ్డాడో తెలుసు. దారి పక్కన నిలబడి చూసిన పిల్లలను ఎవరూ అడగలేదు. మన బ్రాండ్లు కూడా ఆ పట్టికలోకి ఎక్కాయి కనుక, అందులో లేని పేర్ల గురించి అడిగే బాధ్యత కూడా ఇప్పుడు మనదే.