డప్పు మాది, మాట ఎవరిది?

ఈ ఆదివారం సంక్షేమ హాస్టళ్ళ గురించి రాస్తానని పోయిన వారం చెప్పాను. అది ఇంకో వారం ఆగుతుంది. ముందు నా తప్పు ఒకటి మీ ముందు పెట్టాలి. మా కమిటీలో దాని మీద గొడవ నడుస్తోంది కాబట్టి, నలుగురూ చదివేచోటే పెడుతున్నాను.

మా కాలేజీలో ఒక అమ్మాయి ఉంది. బీఎస్సీ చివరి సంవత్సరం, ఎలక్ట్రానిక్స్ ఒక సబ్జెక్టు. పేరు రాయొద్దంది, రాయను. మాదిగపల్లె పిల్ల. ఏడో తరగతి నుంచి వాళ్ళ చర్చిలో కీబోర్డు వాయిస్తోంది. (మన పల్లెల్లో పిల్లలకు సంగీతం నేర్పిన బడి ఏదైనా ఉందంటే అది చర్చే. ఈ మాటంటే కొందరు మిత్రులకు కోపం వస్తుంది. రానివ్వండి.) రెండు క్రిస్మస్ సీజన్లు చుట్టుపక్కల చర్చిల్లో వాయించిన డబ్బు కూడబెట్టి, సెకండ్ హ్యాండ్‌లో ఒక చిన్న అనలాగ్ సింథసైజర్ కొనుక్కుంది. ల్యాబ్ రికార్డు పుస్తకమంత ఉంటుంది. హాస్టల్ గదిలో, స్నేహితురాలి ల్యాప్‌టాప్‌లో, ఐదు నెలలు కూర్చుని ఒక ఆల్బం చేసింది. ఆరు ట్రాకులు, నలభై ఒక్క నిమిషాలు. పాట లేదు. ఒక్క మాట కూడా లేదు.

"సార్, ఏప్రిల్ 14న మన ప్రోగ్రాంలో ఇందులోంచి ఒకటి వాయిస్తాను. పది నిమిషాలు చాలు" అంది. కన్వీనర్ని నేనే. విన్నాను. నిజం చెప్పొద్దూ, మూడో నిమిషానికే నాకు విసుగొచ్చింది. ఒకటే వరస తిరుగుతూ ఉంటుంది, దాని రంగు మాత్రం మెల్లగా మారుతూ ఉంటుంది. "మాటలేవమ్మా ఇందులో?" అన్నాను. "పోనీ డప్పన్నా కలుపు" అన్నాను. అక్కడితో ఆగానా, లేదు. రాత్రికి ఇంటికెళ్ళి బాబాసాహెబ్ మీద పల్లవి, రెండు చరణాలు రాసి, ప్రాసలు సరిచూసుకుని, మర్నాడు డాక్టరు మందుల చీటీ ఇచ్చినట్టు ఆమె చేతిలో పెట్టాను.

చదివింది. కాగితం మడిచింది. "బాగుంది సార్. కానీ ఇందులో ఖాళీ లేదు" అంది. డప్పు సంగతి అడిగితే కాసేపు ఆగి చెప్పింది: "డప్పు మా నాన్న వాయిస్తాడు సార్. నాకెప్పుడూ చేతికివ్వలేదు. ఆడపిల్ల ముట్టకూడదంటాడు. ఇదైతే నేను కొనుక్కున్నది."

ఏప్రిల్ 14న ఆమెకు ఇచ్చిన టైం ఏదో తెలుసా? అతిథులు రాకముందు, కుర్చీలు సర్దుతున్నప్పుడు. నాలుగో నిమిషంలో ఆ శబ్దం కీచుమంటూ పైకి లేచేసరికి, మైకుసెట్టు అబ్బాయి ఎక్కడో వైరు తేడా వచ్చిందనుకుని పీకేశాడు. నేను స్టేజీ మీదే ఉన్నాను. చూశాను. అప్పుడే ముఖ్య అతిథి కారు గేట్లోకి వచ్చింది. దండ పట్టుకుని ఎదురెళ్ళాను. ఆ అమ్మాయి తన వైర్లు తను చుట్టుకుని దిగిపోయింది.

ఇదీ తప్పు.

మా తాత ఊళ్ళో చాటింపు వేసేవాడు. శిస్తు కట్టాలన్నా, చెరువు తూము ఎత్తుతున్నారన్నా, ఊరమ్మ కొలుపులన్నా, ముందు డప్పు మీద నాలుగు దెబ్బలు, ఆ తర్వాత మాట. ఆ మాట మునసబు చెప్పి పంపింది. అందులో అక్షరం అటూ ఇటూ కావడానికి వీల్లేదు. డప్పు మాది, మాట వాళ్ళది. 1984లో ఆ మునసబులూ కరణాలూ పోయారు. 85లో కారంచేడు, 91లో చుండూరు. పేపర్లు రాయని మాటను మనవాళ్ళు పాటగా కట్టి పల్లెపల్లెకూ తీసుకెళ్ళారు. అదే డప్పు మీదికి మన మాట ఎక్కింది. 1994లో దండోరా అన్న పదమే ఉద్యమానికి పేరైంది. నా పీహెచ్‌డీ మొత్తం ఇదే. డప్పు మీద మాట ఎలా చేతులు మారిందన్నదే నా సిద్ధాంత గ్రంథం. మాట అంటే నాకు అంత వ్యసనం.

మరి ఆ అమ్మాయి లయ మీద నా చరణాలు ఎక్కించబోయిన రోజున నేను చేసిందేమిటి? మునసబు చీటీ పంపినట్టే కదా. చీటీలో బాబాసాహెబ్ పేరుందన్నది వేరే సంగతి.

ఆ రాత్రి నుంచి ఈ యంత్రాల గురించి చదవడం మొదలుపెట్టాను. ఆమె దగ్గరున్నది రోలాండ్ కంపెనీ టీబీ-303 అనే జపాన్ యంత్రానికి నకలు. అసలుది 1980ల మొదట్లో వచ్చింది. ఒంటరిగా గిటార్ సాధన చేసుకునేవాడికి పక్కన బేస్ గిటార్ వాయించే మనిషి లేని లోటు తీర్చడానికని చేశారు. అది బేస్ గిటార్‌లా పలకలేదు. అందులోకి స్వరాలు ఎక్కించడం పెద్ద తలనొప్పి. పెద్దగా ఎవరూ కొనలేదు, 1984కల్లా తయారీ ఆపేశారు.

లోపల ఉన్నది చాలా తక్కువ. కరెంటును లెక్క ప్రకారం ఊపే ఆసిలేటర్ ఒకటి. ఆ ఊపు రంపం పళ్ళలా ఉండొచ్చు, చతురస్రాల్లా ఉండొచ్చు. ఆ గరుకు శబ్దం మీద పై పొరలు చెక్కేసే ఫిల్టర్ ఒకటి. ఎంత చెక్కాలో చెప్పే గుబ్బ ఒకటి, చెక్కిన అంచు దగ్గర ఎంత కీచుమనాలో చెప్పే గుబ్బ ఇంకోటి. స్వరాలు పెట్టుకోవడానికి పదహారు గడులు. ఏ గడి మీద ఒత్తు పడాలో, ఏ గడి నుంచి తర్వాతి గడికి జారాలో ముందే చెప్పొచ్చు. తెలుగు మాస్టారిని కదా, ఒత్తులూ జారుళ్ళూ అనగానే గణాలు గుర్తొచ్చాయి. గురువులున్నాయి, లఘువులున్నాయి, యతి లాంటి ఆగుడు కూడా ఉంది. పదం ఒక్కటే లేదు. ఆమె చేసేదల్లా ఆ పదహారు గడుల్ని తిరగనిచ్చి, ఏడెనిమిది నిమిషాల పాటు గుబ్బల్ని వెంట్రుకవాసి చొప్పున తిప్పడం. నాకు విసుగనిపించింది అక్కడే. చెక్కభజనలో ఒకే అడుగు అరగంట వేస్తుంటే కదలకుండా చూసినవాణ్ణి, ఇక్కడ మూడు నిమిషాలకే ఎందుకు విసుగొచ్చిందో నాకింకా అర్థం కాలేదు.

మన దేశంలో ఈ 303తో ఆల్బం చేసినాయన ఒకరున్నారు. చరణ్‌జిత్ సింగ్. బొంబాయిలో హిందీ సినిమా పాటలకు వాయించిన కళాకారుడు. 1982లో ఈ 303నీ, అదే కంపెనీ 808 డ్రమ్ మెషీన్‌నీ, జూపిటర్-8 సింథసైజర్‌నీ ముందు పెట్టుకుని 'సింథసైజింగ్: టెన్ రాగాస్ టు ఎ డిస్కో బీట్' అని ఒక ఎల్పీ చేశారు. భూపాలి (మన మోహనం), మాల్‌కౌంస్ (మన హిందోళం), యమన్, ఇలా పది రాగాలు. హెచ్‌ఎంవీ వేసింది. అమ్ముడుపోలేదు, జనం మరిచిపోయారు. 2002లో ఎడో బౌమన్ అనే డచ్ సేకర్తకు ఢిల్లీలో ఆ రికార్డు దొరికింది. 2010లో మళ్ళీ వేశాడు. అప్పుడు పాశ్చాత్య పత్రికలు ఆశ్చర్యపోయాయి: చికాగోలో ఆసిడ్ హౌస్ అనే సంగీతం పుట్టడానికి ఐదేళ్ళ ముందే ఒక భారతీయుడు దాదాపు అదే శబ్దం చేశాడే అని. 2015లో ఆయన చనిపోయారు.

"అన్నీ మనమే ముందు కనిపెట్టాం" అనే విమానశాస్త్రం బ్యాచ్‌కు ఈ కథ అప్పగించడం నాకిష్టం లేదు. నన్ను పట్టుకున్నది వేరే విషయం. గాయకుల గొంతుల వెనక వాయించిన మనిషి, ఇక్కడ గాయకుడే లేకుండా ముందుకొచ్చి నిలబడ్డాడు. దానికి ఆయన్ని ఎవరూ ఏమీ అడిగినట్టు లేదు. "ఇందులో మీ జాతి బాధ ఎక్కడుంది?" అన్న ప్రశ్న ఆయనకు రాలేదు. ఆ ప్రశ్న మా అమ్మాయికే వచ్చింది. వేసింది నేను.

ఇక చికాగో. ఇది మన విద్యార్థులు తప్పక తెలుసుకోవాలి. 1979 జూలై 12న ఆ ఊరి బేస్‌బాల్ స్టేడియంలో రెండు ఆటల మధ్య విరామంలో డిస్కో రికార్డుల్ని ఒక పెట్టెలో పోగేసి పేల్చేశారు. ఎక్కువగా తెల్ల కుర్రాళ్ళున్న వేలాది జనం మైదానంలోకి దూకారు. డిస్కో ఎవరిది? నల్లవాళ్ళది, లాటినోలది, స్వలింగ సంపర్కులది. పేలింది ప్లాస్టిక్కే, కానీ ఎవరి మీద కోపమో అందరికీ తెలుసు. అదే ఊళ్ళో కొన్నేళ్ళకు డీజే పియర్, స్పాంకీ, హెర్బ్ జే అనే నల్ల కుర్రాళ్ళు, సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరికిన ఈ 303 గుబ్బల్ని తిప్పుతూ 'ఆసిడ్ ట్రాక్స్' చేశారు. 1987లో రికార్డుగా వచ్చింది. రాన్ హార్డీ అనే డీజే క్లబ్బులో మొదటిసారి వేసినప్పుడు జనం ఆట ఆపి వెళ్ళిపోయారట. అదే రాత్రి మళ్ళీ వేశాడట, మళ్ళీ వేశాడట. నాలుగోసారికి జనం ఊగిపోయారట. మా మైకుసెట్టు అబ్బాయికి ఈ కథ చెప్పాలి. వాడికంటే ముందు నాకు నేను చెప్పుకోవాలి.

డెట్రాయిట్‌లో ఇంకో అడుగు ముందుకేశారు. కార్ల ఫ్యాక్టరీలు మూతపడుతున్న ఊరది. అక్కడ మైక్ బ్యాంక్స్, జెఫ్ మిల్స్ కలిసి 'అండర్‌గ్రౌండ్ రెసిస్టెన్స్' అని పెట్టారు. పేరులోనే ప్రతిఘటన ఉంది. ముఖాలు కప్పుకుని వాయించారు, పెద్ద రికార్డు కంపెనీల గడప తొక్కలేదు. వాళ్ళ సంగీతంలో చాలా భాగానికి మాటల్లేవు. రాజకీయం లేదని ఎవరంటారు?

నల్లవాళ్ళ దగ్గర్నుంచి మనం చాలా తీసుకున్నాం. 1972లో మరాఠీ మిత్రులు పాంథర్స్ అన్న పేరే తీసుకున్నారు. సహవాసి తెలుగు చేసిన 'ఏడు తరాలు' చదవని కార్యకర్త మా తరంలో లేడు. ర్యాప్ వచ్చింది, మన పిల్లలు దాన్ని కూడా అందుకున్నారు. కానీ చూడండి, మనం తీసుకున్నవన్నీ మాటలే. వాళ్ళ యంత్రాన్ని తీసుకోలేదు.

ఎందుకో నాకు తెలుసు. అక్షరం ముట్టనివ్వని చోట అక్షరమే ఆయుధమైంది. దాన్ని నేను తక్కువ చెయ్యను, నా అన్నం అదే. కానీ దానివల్ల ఒక అలవాటు కూడా పడింది. దళిత కళాకారుడు కనిపిస్తే చాలు, "నీ గోడు చెప్పు" అంటాం. సభల్లో పైకులాల ఉదారవాదులు అడిగేదీ అదే, మన కమిటీలు అడిగేదీ అదే. వీణ మీద గంటసేపు ఒకే రాగం ఆలాపన చేస్తే అది శుద్ధ సంగీతం. మన పిల్ల ఎనిమిది నిమిషాలు మాట లేకుండా వాయిస్తే "విషయం ఏది?" మృదంగం మూతకు ఆవు తోలు కావాలి, ఆ తోలు పదునుపెట్టి బిగించే చేతులు ఎక్కువగా దళితులవే. శబ్దాన్ని తయారుచేసే పని తరతరాలుగా మనవాళ్ళ చేత చేయించుకున్న దేశం, శబ్దం గురించి మన ఇష్టం ఏమిటని ఎప్పుడైనా అడిగిందా? మనమైనా అడిగామా?

కమిటీలో ఒక అన్న అభ్యంతరం: ఇది జనానికి అర్థం కాదు. అన్నా, మీరూ నేనూ ఇచ్చే గంట గంటన్నర ఉపన్యాసాలు జనానికి అర్థమవుతున్నాయా? ఇంకో మిత్రుడు, ఇది విదేశీ యంత్రం, మన సంస్కృతి కాదన్నాడు. చర్చిలో కీబోర్డు, సభలో మైకు, చేతిలో ఫోను, వీటిలో ఏది మన పల్లెలో పుట్టింది? ఆ కాస్త డబ్బు పరీక్షల కోచింగ్‌కు పెట్టుకుంటే బాగుండేదన్నది మూడో మాట. ఇది నన్ను కొంచెం తాకింది. ఎందుకంటే అందులో నిజం ఉంది, ఆమె ఇంటి పరిస్థితి నాకు తెలుసు. కానీ కోచింగ్‌కు ఖర్చు పెట్టాలా వద్దా అన్నది ఆమె లెక్క. మన కమిటీ లెక్క కాదు.

నేను అడుగుతున్నది ఒకటే. డిసెంబర్ 6న మన సభ ఉపన్యాసంతో కాదు, ఆమె వాయిద్యంతో మొదలవ్వాలి. అతిథులు వచ్చి కూర్చున్నాక. వైరు దగ్గర నేనే నిలబడతాను.

మే నెలలో వాళ్ళ పల్లెకు వెళ్ళి క్షమాపణ చెప్పాను. "పర్లేదు సార్" అంది, ఆ 'పర్లేదు' అంత తేలిగ్గా లేదు. వాళ్ళ నాన్న మంచం వేశాడు. ఆయన ఆల్బం అంతకుముందు వినలేదట. చర్చి స్పీకరు బాక్సు తెచ్చి వాకిట్లో పెట్టి వినిపించింది. ఆయన తలకాయ ఊపలేదు, కాలు ఆడించలేదు, నేల వైపు చూస్తూ విన్నాడు. నాలుగో ట్రాకు మధ్యలో తలెత్తి, "ఇది సరిగా కాగలేదే" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. ఆమె మాత్రం పకపకా నవ్వింది. డప్పును వాయించే ముందు మంట మీద కాస్తారు కదా, తోలు బిగిసి శ్రుతి ఎక్కడానికి. అనలాగ్ సింథసైజర్ కూడా అంతేనట. ఆన్ చేసి కాసేపు వేడెక్కనివ్వాలి, లేకపోతే శ్రుతి నిలకడగా ఉండదు, జారుతుంది. ఆ రోజు రాత్రి పది తర్వాత వార్డెన్ లైట్లు ఆపేస్తుందని, ఆన్ చేసిన వెంటనే ఆత్రంగా రికార్డు చేసేసిందట.

"అవును నాన్నా, కాగలేదు" అంది.

"మరి కాపొద్దూ" అన్నాడాయన.

ఇప్పుడు నాలుగోది మళ్ళీ చేస్తోంది. నా కాగితం గురించి ఆమె చెప్పలేదు, నేనూ అడగలేదు.