ఫార్మాట్ కొట్టెయ్ అన్నారు మా ఆయన

మా ఇంట్లో కంప్యూటర్ అంటే హాల్లో టీవీ పక్కన, నేను కుట్టిన పూల గుడ్డ కప్పుకుని కూర్చునే పాత డెస్క్‌టాప్. పెద్దాడు ఇంజనీరింగ్‌లో చేరిన ఏడు కొన్నాం. వాడు చదువైపోయి బెంగళూరు వెళ్లిపోయాడు, అది మాత్రం కొత్తపేటలోనే మాతో ఉండిపోయింది. మా ఆయన కొబ్బరి దింపుల లెక్కలు, మావయ్యగారి పెన్షన్ కాగితాలు, పిల్లల సర్టిఫికెట్లు, రెండు పెళ్లిళ్ల ఫోటోలు, ప్రభల తీర్థం వీడియోలు అన్నీ అందులోనే. నావీ ఉన్నాయి. ఉన్నాయని ఇంట్లో ఎవరికీ తెలీదు, అదీ సంగతి.

మొన్న వేసవిలో ఒక మధ్యాహ్నం ఈదురుగాలి లేచింది. మన వైపు గాలంటే ఏముంది, ఎక్కడో ఒక కొబ్బరి మట్ట విరిగి తీగల మీద పడుతుంది, కరెంటు పోతుంది. ఆ రోజు గంటలో నాలుగుసార్లు పోయి వచ్చింది. కంప్యూటర్ ఆన్‌లోనే ఉంది. కింద యూపీఎస్ ఉంది గానీ దాని బ్యాటరీ చచ్చి రెండేళ్లయింది, దాని మీద చీపురు పెట్టుకుంటున్నాం. సాయంత్రం ఆన్ చేస్తే నీలం తెర. 'ఆటోమేటిక్ రిపేర్' అంటుంది, చుక్కలు గిరగిరా తిరుగుతాయి, బాగుచేయలేకపోయానంటుంది, మళ్లీ మొదటికొస్తుంది. రాత్రి పదింటిదాకా అదే వరస.

మర్నాడు అమలాపురం పట్టుకెళ్లాం. షాపులో కుర్రాడు చూసి, "విండోస్ కరప్ట్ అయింది సార్. ఫార్మాట్ కొట్టేసి కొత్తది ఎక్కించేస్తాను, రేపు సాయంత్రం వచ్చి పట్టుకెళ్లండి" అన్నాడు. మా ఆయన ఫోన్ చూసుకుంటూనే, "సరే, కొట్టెయ్" అన్నారు.

"వద్దు" అన్నాను నేను. కాస్త గట్టిగానే అన్నట్టున్నాను, పక్కన ప్రింటవుట్ కోసం నిలబడ్డ అమ్మాయి కూడా తిరిగి చూసింది.

"నీదేవుంది అందులో?" అన్నారు మా ఆయన. వెటకారంగా కాదండీ, నిజంగా తెలీక.

మా అమ్మ 2021లో పోయింది. అంతకు ముందు రెండేళ్లూ పుట్టింటికి వెళ్లినప్పుడల్లా ఫోన్ పక్కన పెట్టుకుని ఆవిడ మాటలు రికార్డు చేసేదాన్ని. పనసపొట్టు కూరలో ఆవ ఏ వేడి మీద కలపాలో, 1996 నవంబరు తుఫాను రాత్రి పెంకులు లేచిపోతుంటే మమ్మల్ని మంచం కింద ఎలా దాచిందో, ఆవిడ పాడే మంగళహారతులు, మా మేనత్తల మీద కంప్లైంట్లు. మొత్తం 41 ముక్కలు. ఫోన్ నిండిపోతే పెద్దాడు వాటిని కంప్యూటర్లోకి ఎక్కించి ఫోన్లో తీసేశాడు. ఎదురుగా కనబడుతూ ఉండాలి నాన్నా అని నేనే చెప్పి, తెర మీదే 'అమ్మ' అని ఫోల్డర్ పెట్టించుకున్నాను. అన్నిటికన్నా భద్రమైన చోటు అదేననుకున్నాను.

ఇక్కడే మీకో సంగతి చెప్పాలి. తెర మీద పెట్టినవన్నీ నిజానికి ఉండేది సి డ్రైవ్‌లో, విండోస్ పక్కనే. డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్ కూడా మామూలుగా అక్కడే. షాపుల్లో 'ఫార్మాట్' అంటే ముందు తుడిచేది ఆ సి డ్రైవ్‌నే. దాని మీద కొత్త విండోస్ ఎక్కిందంటే కింద ఉన్న పాతవి చాలావరకు దొరకవు. ఇల్లు కడుక్కుందామని పూజ గదిలోకే నీళ్లు పెట్టేసుకున్నట్టు. కుర్రాడి తప్పేం లేదు, వాడు రోజుకు పది కొడతాడు. మా ఆయన తప్పు కూడా సగమే. దింపుల లెక్కలు ఎటూ పుస్తకంలో ఉన్నాయి కాబట్టి ఆయనకు భయం లేదు. మిగతా సగం నాది. నావి ఫలానా చోట ఉన్నాయని ఇన్నేళ్లలో ఒక్కసారి నోరు తెరిచి చెప్పలేదు.

కంప్యూటర్ని అలాగే కార్లో వేసుకుని వెనక్కి తెచ్చేశాం. దారంతా ఆయన మాట్లాడలేదు. రావులపాలెం దాకా వెళ్దామా అని ఒకసారి అడిగారు, అంతే.

రాజోలులో మా చెల్లి ఉంటుంది. దాని కూతురు కాకినాడలో ఇంజనీరింగ్ చదువుతోంది. రాత్రి వీడియో కాల్ చేస్తే మొదటి మాటే, "పెద్దమ్మా, దాన్ని మళ్లీ మళ్లీ ఆన్ చెయ్యకు" అంది. విండోస్ పాడవడం వేరు, ఫైళ్లు పోవడం వేరట. వీధి తలుపు బిగుసుకుపోయినంత మాత్రాన బీరువాలో చీరలు పోవు కదా, పెరటి తలుపు నుంచి వెళ్దాం అంది. ఆ పెరటి తలుపు పేరు లైనక్స్.

పక్కింటి టీచరమ్మగారి లాప్‌టాప్ మీద పిల్ల చెప్పినట్టల్లా చేసి, లైనక్స్ మింట్ అనేదాన్ని ఉచితంగా దించి పెన్‌డ్రైవ్ మీదకు ఎక్కించాం. (ఆ పెన్‌డ్రైవ్‌లో అంతకు ముందు ఉన్నవన్నీ పోతాయి, ముందే చూసుకోండి.) దాన్ని మా డెస్క్‌టాప్‌కి గుచ్చి, ఆన్ చేస్తూనే ఎఫ్12 నొక్కి పెన్‌డ్రైవ్‌ను ఎంచుకోవాలి. కంపెనీని బట్టి ఆ మీట మారుతుంది. అప్పుడు కంప్యూటర్ తన విండోస్ జోలికి పోకుండా పెన్‌డ్రైవ్ నుంచే లేస్తుంది. తెర మీద 'ఇన్‌స్టాల్' అని ఒక బొమ్మ కనబడుతుంది, దాన్ని మాత్రం ముట్టుకోవద్దని పిల్ల నాలుగుసార్లు చెప్పింది. మా డ్రైవ్ తెరిస్తే, ఉందండీ 'అమ్మ'. పసుపు రంగు ఫోల్డర్. నాకు కాళ్లలో ఓపిక పోయి అక్కడే పీట మీద కూర్చుండిపోయాను.

మా ఆయన అప్పటికే బండేసుకుని వెళ్లి ఒక టీబీ బయటి హార్డ్ డిస్క్ కొనుక్కొచ్చారు. ఎవరూ చెప్పలేదు, ఆయనే వెళ్లారు. ముందు అమ్మ ఫోల్డర్ కాపీకి పెట్టాం. పదో పన్నెండో వెళ్లాక ఆగింది. మళ్లీ కదిలింది. అప్పుడు వినబడింది లోపలి నుంచి, గోడ మీద బల్లి కొట్టినట్టు, టిక్, టిక్, టిక్.

ఫోన్లోంచే ఆ చప్పుడు విని పిల్ల మొహం మారిపోయింది. పోయింది విండోస్ ఒక్కటే కాదు, డిస్కే పోతోంది. ఆ డబ్బా లోపల అద్దాల్లాంటి పళ్లేలు నిమిషానికి కొన్ని వేల చుట్లు తిరుగుతుంటాయట. వాటి మీద ఒక చిన్న ముల్లు, తాకకుండా, మన వెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా లేని ఎత్తులో ఎగురుతూ చదువుతుంది. పళ్లెం మీద గీతలు పడ్డా, ముల్లు పాడైనా చదవాల్సిన చోటు దొరక్క మొదటికొచ్చి మళ్లీ మళ్లీ వెతుక్కుంటుంది. ఆ చప్పుడు అదే. పోయి వచ్చిన కరెంటు రాస్తున్న పనిని సగంలో ఆపేసి విండోస్‌ను చెడగొట్టిందో, చెడుతున్న డిస్కే విండోస్‌ను చెడగొట్టిందో ఇప్పుడు తేల్చలేం అంది.

"మరి ఆ రిపేర్ చేస్తానని అది రాత్రంతా తిరిగింది కదే?" అన్నాను. "అందుకే ఆన్ చెయ్యొద్దన్నాను పెద్దమ్మా. రిపేర్ అంటే ఆ డిస్క్ మీదే మళ్లీ చదవడం, రాయడం. జబ్బు డిస్క్‌కి ముందు నకలు, తర్వాత మరమ్మతు."

ఈ మాట నాకు కొత్తేం కాదు. ఆవకాయ పెట్టిన ఇంట్లో ఎవరికీ కొత్త కాదు. పెద్ద జాడీలో రోజూ చెయ్యి పెడతామా? చిన్న జాడీలోకి తీసుకుని వాడుకుంటాం. ఊరగాయకి మా అత్తగారు నేర్పిన మడి అంతా ఫోటోలకి, మాటలకి ఎందుకు పాటించలేదో నాకే తెలీదు.

అమ్మవి 36 వచ్చాయి. ఫోటోల్లో చాలావరకు వచ్చాయి. ఆదివారం పిల్ల స్వయంగా వచ్చి, బాగున్న చోట్లు ముందు చదివేసి చెడ్డ చోట్లకు చివర్లో వెళ్లే డీడీరెస్క్యూ అనే పనిముట్టు పెట్టింది. అసలు దీంతోనే మొదలుపెట్టాల్సింది, నేనే తొందరపడ్డాను అని నొచ్చుకుంది. కానీ అప్పటికి డిస్క్ కనబడడమే మానేసింది. మిగతా అయిదూ అందులోనే ఉన్నాయి. హైదరాబాద్‌లో డిస్క్ విప్పి చదివేవాళ్లని ఫోన్లో అడిగితే ముప్పై వేలు దాటొచ్చు, గ్యారంటీ లేదు అన్నారు. ఇంకా తేల్చుకోలేదు. ఆ డిస్క్‌ని పాత పట్టుచీరలో చుట్టి బీరువాలో పెట్టాను. ఆ అయిదింట్లో ఏమున్నాయో వరసగా గుర్తు చేసుకోవడం మొదలుపెట్టాను, మూడు తేలాయి. తుఫాను సంగతి అందులోనే పోయింది.

ఇప్పుడు నా అభిప్రాయం. ఇంట్లో ఫోటోలు తీసేది మనం, పిల్లల రిపోర్టులు దాచేది మనం, ఎవరి పుట్టినరోజు ఎప్పుడో గుర్తుంచుకునేది మనం. కానీ అవన్నీ చేరే పెట్టె మాత్రం మగవాళ్లదో పిల్లలదో. పాస్‌వర్డ్ వాళ్లకి తెలుసు, ఎక్కడున్నాయో వాళ్లకి తెలుసు, ఫార్మాట్ కొట్టమనేది వాళ్లు. మనం 'నాకు ఆ కంప్యూటర్ గొడవ తెలీదమ్మా' అని నవ్వేస్తాం. అది వినయమని ఇన్నాళ్లు అనుకున్నాను. ఇప్పుడు బద్ధకమేమో అనిపిస్తోంది. బ్యాంకు లాకర్ తాళం ఎక్కడుందో తెలీదని ఎవరైనా నవ్వుతూ చెబుతారా?

ఇదీ మన నెత్తినేనా, వంటా, మందులూ, దేవుడి దీపం చాలక, అని మీరంటారు. మా చెల్లీ అదే అంది. అందరివీ మోయమనడం లేదండీ. మా ఆయన దింపుల లెక్కలు ఆయనే కాపీ చేసుకోవాలి, నేను చెప్పేశాను. కానీ నాకు ప్రాణమైనదాన్ని ఇంకొకరి గుర్తుకి వదిలిపెట్టను.

ఫోటోగ్రాఫర్లలో ఒక లెక్క ఉందట, పీటర్ క్రోగ్ అనే అమెరికన్ ఫోటోగ్రాఫర్ ప్రచారం చేసింది. ప్రతిదానికీ మూడు ప్రతులు, రెండు రకాల వస్తువుల మీద, ఒకటి ఇంటి బయట. బయట అంటే నెట్‌లో దాస్తే చాలదా అని పెద్దాడు అన్నాడు. దాచాం కూడా. కానీ 2022 మేలో అమలాపురం గొడవలప్పుడు జిల్లాలో రోజుల తరబడి నెట్ లేకపోవడం మనం చూశాం. అదే జూలైలో వరదొచ్చి లంకలు మునిగినప్పుడు వీపు మీద మూటలతో జనం పడవలెక్కడమూ చూశాం. గోదావరి పక్కన ఉంటూ అంతా ఒకే చోట పెట్టుకోవడం నాకైతే నచ్చదు.

ఇంకొక్క ముక్క, కొత్త లాప్‌టాప్‌లున్న వాళ్లకి. వాటిలో చాలావాటికి డిస్క్ తనంతట తానే తాళం వేసుకుని ఉంటుంది, బిట్‌లాకర్ అంటారు. అవి చెడిపోతే మా పెరటి తలుపు కూడా తెరుచుకోదు, 48 అంకెల తాళం చెవి అడుగుతుంది. అది సాధారణంగా మైక్రోసాఫ్ట్ ఖాతాలో దాగి ఉంటుంది. ఆ ఖాతా మీదా, బెంగళూరులో ఉన్న అబ్బాయిదా, ఈ రాత్రికే కనుక్కోండి. కాగితం మీద రాసి రేషన్ కార్డుతో పాటు పెట్టుకోండి.

మా డెస్క్‌టాప్‌కి కొత్త ఎస్‌ఎస్‌డీ వేయించాం, అదే షాపులో, అదే కుర్రాడితో. ఈసారి వాడు నన్ను అడిగాడు, "ఆంటీ, ఏమైనా ఉన్నాయా ముందు తియ్యాల్సినవి?" అని. ఎస్‌ఎస్‌డీకి తిరిగే పళ్లేలు లేవు, టిక్ టిక్ కూడా ఉండదు. అంటే పోయేటప్పుడు చప్పుడు కూడా చెయ్యదు. యూపీఎస్‌కి బ్యాటరీ వేయించాం, చీపురు తలుపు వెనక్కి వెళ్లింది.

అమ్మ 36 ముక్కలు ఒకటి మా కంప్యూటర్లో, ఒకటి బయటి డిస్క్‌లో, ఒకటి రాజోలులో చెల్లి బీరువాలో. నెల మొదటి ఆదివారం రెండిళ్లలోనూ తెరిచి, ఒకటి పెట్టి విని, మూసేస్తాం. పోయిన నెల నేను మర్చిపోయాను. రాత్రి తొమ్మిదింటికి చెల్లి ఫోన్ చేసి ఏమీ మాట్లాడకుండా పనసపొట్టు ముక్క పెట్టింది. వంటింట్లో ఉన్న మా ఆయన అవతల్నుంచి, "ఆవ దింపాక కలపాలంటున్నారుగా అత్తయ్యగారు, నువ్వు ముందే కలుపుతావేంటి?" అన్నారు.